లాన్‌కి తడి ఎప్పుడివ్వాలి, ఎంతివ్వాలి, ఏ నీళ్లతో ఇవ్వాలి

గడ్డి కాస్త పసుపు తిరగగానే చెయ్యి ముందు పైపు మీదికే పోతుంది. చాలా లాన్‌లు పాడయ్యేది అక్కడే. నీళ్లు చాలక వాడినా, నీళ్లు ఎక్కువై వేళ్లు కుళ్లినా, నీళ్లలోని ఉప్పు పేరుకుని వేరు తాగలేకపోయినా పైకి కనిపించే రంగు దాదాపు ఒకటే. నేను ఒక ఆట మైదానంలో పది అడుగుల దూరంలో ఉన్న రెండు పసుపు మచ్చల్ని తవ్వి చూశాను. మొదటి చోట పైన వేలెడు మందం మాత్రమే తడి, దాని కింద మట్టి పొడిపొడిగా రాలిపోయింది. రెండో చోట 5 సెంటీమీటర్ల లోతుకే మట్టి నల్లగా మారి, కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది, గుప్పిట్లో పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. రెండిటికీ ఒకే టైమర్, రోజూ ఒకే 10 నిమిషాలు. ఆ రెండు మచ్చలకీ ఇంకాస్త నీళ్లు పెట్టి ఉంటే మొదటిది కోలుకునేదేమో కానీ రెండోది ఖాయంగా చచ్చిపోయేది.

అందుకే తేమ లెక్కనీ నీళ్ల నాణ్యత లెక్కనీ విడివిడిగా చూడొద్దంటాను. ప్రతి తడితోనూ కొంత ఉప్పు నేలలోకి వస్తుంది, ఆ ఉప్పు వేరు దగ్గర ఆగుతుందా, వేరు దాటి కిందికి పోతుందా అన్నది మీరు తడి ఇచ్చే తీరు మీదే ఉంటుంది. కింద చెప్పిన పనుల్ని వరసలోనే చేయండి, ఎందుకంటే ముందు దానిలో వచ్చిన అంకె తర్వాతి దానిలో కావాలి.

ముందు తవ్వి చూడండి

20 సెంటీమీటర్ల పొడవున్న స్క్రూడ్రైవర్ ఒకటి, సన్నటి పార ఒకటి ఉంటే చాలు. మట్టి నమూనా తీసే గొట్టం ఉంటే ఇంకా మంచిది, గడ్డికి గాయం తక్కువ అవుతుంది. లాన్ మొత్తం మీద పది పన్నెండు చోట్ల స్క్రూడ్రైవర్‌ని అరచేత్తో నెట్టండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగిపోతుంది. ఎంత లోతున ఆగిందో రాసుకోండి. రాయి తగిలి ఆగిందనిపిస్తే పక్కన ఇంకోసారి గుచ్చండి.

తర్వాత బాగున్న చోట ఒకటి, బాగాలేని చోట ఒకటి 15 సెంటీమీటర్ల లోతు మట్టి కడ్డీ తీసి పక్కపక్కన పెట్టండి. వేళ్లు ఎంత లోతు వరకు ఉన్నాయో స్కేలు పెట్టి కొలవండి. ఈ అంకె ముఖ్యం, దీన్ని ఎవరూ కొలవరు. తెల్లగా, గట్టిగా ఉన్నవి బతికున్న వేళ్లు. గోధుమ రంగులో ఉండి లాగితే పైపొర జారిపోయేవి చచ్చినవి. మట్టిలో నల్ల చార, కుళ్లు వాసన ఉంటే అక్కడ గాలి లేదని అర్థం, అంటే నీళ్లు నిలుస్తున్నాయి.

కడ్డీ మధ్యలోంచి కాస్త మట్టి తీసి గుప్పిట్లో నొక్కండి. ముద్ద కట్టి, బొటనవేలితో తాకితే విడిపోతే పదును బాగుంది. ముద్దే కట్టకపోతే తడి కావాలి. చేతికి అంటుకుని మెరుస్తూ ఉంటే ఇంకొన్నాళ్లు పైపు జోలికి పోవద్దు. ఇసుక నేలకి మాత్రం ఈ ముద్ద పరీక్ష సరిగ్గా పనిచేయదు, అది తడిగా ఉన్నా గట్టి ముద్ద కట్టదు.

గడ్డి కూడా తన సంగతి తను చెబుతుంది. సాయంత్రం లాన్ మీద నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి చూడండి. నీళ్లున్న గడ్డి వెంటనే లేచి నిలబడుతుంది. నీళ్లు తగ్గిన గడ్డి మీద మీ అడుగులు అలాగే పడి ఉంటాయి. రంగు నీలం కలిసిన బూడిదలా మారుతుంది, ఆకు నిలువునా మడుచుకుంటుంది. తడి ఇవ్వాల్సిన సమయం ఇదే, ఆకు ఎండి ఎండుగడ్డి రంగుకి వచ్చేదాకా ఆగకూడదు. అయితే మిట్టమధ్యాహ్నం వాడినట్టు కనిపించి సాయంత్రానికి కోలుకుంటే కంగారు పడక్కర్లేదు. నేల తడిగా ఉండి కూడా గడ్డి వాడితే అది వేరు జబ్బో, ఉప్పో, నీటి ముంపో అయి ఉంటుంది.

నేల ఎంత పట్టుకుంటుంది

నేల అంటే ఒక గిన్నె లాంటిది, గిన్నె లోతు వేరు లోతే. వేరు 10 సెంటీమీటర్లే ఉంటే 30 సెంటీమీటర్ల దాకా తడిపినా ఆ కింది నీళ్లు గడ్డికి అందవు. ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకీ వేరు తాగగలిగే నీళ్లు ఇసుకలో సుమారు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, గరప నేలలో సుమారు 15 మిల్లీమీటర్లు ఉంటాయి. బంకమట్టి మొత్తం మీద ఎక్కువే పట్టుకుంటుంది కానీ అందులో పెద్ద భాగాన్ని తనే బిగించుకుని వేరుకి వదలదు, అందుకని చివరికి అందేది గరపకి దగ్గరగానే ఉంటుంది. ఇక్కడ మిల్లీమీటర్ అంటే భయపడొద్దు, ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పోస్తే అది ఒక మిల్లీమీటర్.

ఆ గిన్నె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు, సగం అయిపోగానే తడి ఇవ్వాలి. గరప నేల, వేరు 15 సెంటీమీటర్లు అనుకుందాం. గిన్నెలో 22 మిల్లీమీటర్లు, అందులో సగం 11. ఇదే మీ ఒక తడి. అదే ఇసుక నేలలో వేరు 10 సెంటీమీటర్లే ఉంటే గిన్నె 7, సగం 3.5 మాత్రమే.

గడ్డి రోజుకి ఎంత తాగుతుంది

ఆకు నుంచి, నేల నుంచి కలిపి ఆవిరైపోయే నీళ్లని వాతావరణ కేంద్రాలు ప్రామాణిక బాష్పోత్సేకం అనే అంకెగా ఇస్తాయి. గరిక, అంటే బెర్ముడా, జోయ్‌సియా లాంటి వేడి దేశపు గడ్డి జాతులకి ఆ అంకెని 0.6తో గుణించండి. బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై లాంటి చల్లటి వాతావరణపు జాతులకి 0.8. ఆ రోజు అంకె 6 మిల్లీమీటర్లైతే గరికకి 3.6, బ్లూగ్రాస్‌కి 4.8 కావాలి. రోజంతా నీడ పడే చోట ఇందులో సగం చాలొచ్చు, అక్కడ ఎండలో ఉన్న చోటుతో సమానంగా పోస్తే నాచు పడుతుంది. వేడి గాలి వీచే రోజున, కాంక్రీటు గట్టు పక్కన ఇంతకన్నా ఎక్కువ కావాలి.

ఇప్పుడు రెండూ కలపండి. గరప నేలలో గరికకి 11 మిల్లీమీటర్ల తడి ఇస్తే 3 రోజులు వస్తుంది. ఇసుక నేలలో 3.5 ఇస్తే ఒక్క రోజే వస్తుంది. "లోతుగా పెట్టు, అరుదుగా పెట్టు" అనే సలహా అందరూ చెబుతారు, మంచి సలహానే, కానీ వేరు పొట్టిగా ఉన్న ఇసుక నేల మీద వారానికోసారి 25 మిల్లీమీటర్లు పోస్తే పెద్ద భాగం వేరు దాటి వెళ్లిపోతుంది, వారం చివర గడ్డి ఎండుతుంది. అక్కడ ముందు వేరుని లోతుకి దించే పని చూడాలి. కోత ఎత్తు కాస్త పెంచడం, బిగుసుకున్న నేలని గుల్ల చేయడం, రెండు తడుల మధ్య ఎడాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం, వీటితో వేరు దిగుతుంది.

కొత్తగా విత్తనం వేసినా, గడ్డి పలకలు పరిచినా ఈ లెక్కలేవీ వర్తించవు. మొలకకి పైన ఒకటి రెండు సెంటీమీటర్లు ఎప్పుడూ తడిగా ఉండాలి, కాబట్టి రోజుకి మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా ఇవ్వక తప్పదు. వేరు పట్టాక, అంటే పలకని పట్టుకుని లాగితే లేచి రానప్పుడు, నెమ్మదిగా ఆరుతడికి మార్చండి.

స్ప్రింక్లర్ నిజంగా ఎంత పోస్తోందో కప్పులు పెట్టి కొలవండి

ఈ పరీక్షకి అరగంట పడుతుంది, అన్నిటికన్నా ఎక్కువ సంగతులు బయటపెట్టేది ఇదే. గోడలు నిలువుగా ఉన్న ఒకే రకం డబ్బాలు పన్నెండు తీసుకుని లాన్ మీద సమాన దూరాల్లో పెట్టండి. గాలి లేని సమయంలో 15 నిమిషాలు స్ప్రింక్లర్ నడపండి. ప్రతి డబ్బాలో నీళ్ల లోతుని స్కేలుతో కొలవండి.

మీ డబ్బాల్లో మిల్లీమీటర్లు 2, 3, 3, 4, 4, 4, 5, 5, 5, 6, 6, 7 వచ్చాయనుకుందాం. మొత్తం 54, సగటు 4.5. నాలుగుతో గుణిస్తే గంటకి 18 మిల్లీమీటర్లు, ఇది మీ స్ప్రింక్లర్ వేగం. ఇప్పుడు అన్నిటికన్నా తక్కువ పడిన పావు వంతు డబ్బాలు, అంటే 2, 3, 3 తీసుకోండి, వాటి సగటు 2.67. దాన్ని 4.5తో భాగిస్తే 0.59. దీన్నే పంపిణీ సమత అంటారు. 0.7 దాటితే బాగున్నట్టే, 0.6 కన్నా తక్కువైతే ముందు స్ప్రింక్లర్ బాగుచేయాలి, అప్పటిదాకా టైమర్ ముట్టుకున్నా పెద్ద లాభం లేదు.

ఎందుకో చూడండి. 11 మిల్లీమీటర్ల తడికి ఈ స్ప్రింక్లర్‌ని 37 నిమిషాలు నడపాలి. ఆ 37 నిమిషాల్లో 2 మిల్లీమీటర్లు పడిన డబ్బా దగ్గర నేలకి అందేది 5 మిల్లీమీటర్లు, 7 పడిన చోట 17. ఒకే లాన్‌లో ఒక మూల ఎండుతుంది, ఇంకో మూల కుళ్లుతుంది. మొదట్లో చెప్పిన ఆ రెండు మచ్చల సంగతి ఇదే. అక్కడ తప్పు టైమర్‌ది కాదు, ఒక స్ప్రింక్లర్ తల పక్కకి ఒరిగిపోయి నీళ్లన్నీ ఒకే వైపు పోస్తోంది. నిటారుగా నిలబెట్టి మట్టి బిగించాక మిగిలింది టైమర్ నిమిషాలు మార్చడమే.

సమత తక్కువగా ఉంటే చూడాల్సినవి ఇవి: ఒరిగిన తలలు, గడ్డి పెరిగి లోపలికి కూరుకుపోయిన తలలు, అరిగిపోయిన లేదా చెత్త అడ్డుపడిన నాజిల్, ఒకే లైన్‌లో వేర్వేరు సైజుల నాజిల్, సరిపోని ఒత్తిడి. నీళ్లు పొగమంచులా చిమ్ముతుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు, లావు ధారలా పడి మధ్యలో వలయం మిగులుతుంటే తక్కువైనట్టు. ఒక స్ప్రింక్లర్ నీళ్లు పక్క స్ప్రింక్లర్ దాకా చేరాలి, లేకపోతే మధ్యలో పొడి చారలు మిగులుతాయి.

తడి ఇచ్చే తీరు

తెల్లవారుజామున, సూర్యోదయానికి ముందో ఆ కాసేపటికో పూర్తయ్యేలా పెట్టండి. అప్పుడు గాలి తక్కువ, ఆవిరి తక్కువ, ఎలాగూ మంచుతో తడిసిన ఆకు మీదే నీళ్లు పడతాయి, ఎండ రాగానే ఆరిపోతాయి. రాత్రి ఎనిమిదికి పెడితే ఆకు తెల్లవార్లూ తడిగానే ఉంటుంది. బ్రౌన్ ప్యాచ్, పిథియం, డాలర్ స్పాట్ లాంటి తెగుళ్లకి కావాల్సింది సరిగ్గా అదే.

ఇంకోటి, నేల తాగే వేగం. ఇసుక గంటకి 30 మిల్లీమీటర్లకి పైగా తాగుతుంది, గరప 10 నుంచి 20, బంకమట్టి 1 నుంచి 5 మాత్రమే. గంటకి 18 పోసే స్ప్రింక్లర్‌ని బంకమట్టి మీద ఆపకుండా నడిపితే నీళ్లు నేలలోకి పోవు, కాలవలోకి పోతాయి. అందుకే 37 నిమిషాల్ని మూడు విడతలుగా, 12 నిమిషాల చొప్పున, మధ్యలో 40 నిమిషాల నుంచి గంట దాకా ఎడం ఇచ్చి నడపండి. ఎన్ని నిమిషాలకి నీళ్లు పైన నిలవడం మొదలవుతుందో ఒకసారి పక్కన నిలబడి చూస్తే మీ విడత ఎంతుండాలో తెలిసిపోతుంది. వాలు ఉన్న చోట ఇంకా చిన్న విడతలు కావాలి.

మర్నాడు మళ్లీ స్క్రూడ్రైవర్ గుచ్చండి. వేరు లోతు దాకా దిగితే లెక్క కుదిరింది. 5 సెంటీమీటర్లకే ఆగితే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి. ఈ చివరి పరీక్ష లేకుండా కాగితం మీది లెక్కని నమ్మొద్దు.

చాలా పొట్టిగా కోసే గోల్ఫ్ గ్రీన్‌ల మీద మండే మధ్యాహ్నాల్లో సన్నటి తుంపర ఒకటి రెండు నిమిషాలు చల్లుతారు. అది ఆకుని చల్లబరచడానికే, దాన్ని తడి కింద లెక్కేసుకోకూడదు.

నీళ్లు పోసినా ఇంకని చోట

కొన్ని చోట్ల ఎన్ని నీళ్లు పోసినా మచ్చ ఎండుతూనే ఉంటుంది. మట్టి కడ్డీ తీసి నీడలో ఆరబెట్టి అడ్డంగా పడుకోబెట్టండి. పై నుంచి కింది దాకా ప్రతి సెంటీమీటరుకీ ఒక్కో నీటి చుక్క వేయండి. మామూలు మట్టి చుక్కని వెంటనే పీల్చేస్తుంది. చుక్క 5 సెకన్లు దాటి ముత్యంలా నిలబడితే ఆ మట్టి నీళ్లని తోసేస్తోంది, నిమిషం దాటినా నిలిస్తే సమస్య గట్టిదే. కుళ్లిన సేంద్రియ పదార్థం ఇసుక రేణువుల చుట్టూ మైనం లాంటి పూత పూయడం వల్ల ఇలా అవుతుంది. సాధారణంగా పైన నాలుగైదు సెంటీమీటర్లలోనే ఉంటుంది, కింద చుక్క మామూలుగా ఇంకిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, తడి లాన్‌లో ఇసుక మీద చుక్క తామరాకు మీద నీటిబొట్టులా దొర్లుతోంది.

దీనికి వెట్టింగ్ ఏజెంట్, అంటే నీళ్లు మట్టికి అంటుకుని ఇంకేలా చేసే మందు వాడాలి, చల్లిన వెంటనే నీళ్లతో లోపలికి దించాలి. ముందుగా సన్నటి గొట్టంతో రంధ్రాలు చేస్తే మందు లోపలికి చేరుతుంది. మచ్చ పూర్తిగా ఎండకముందే, వేసవి మొదట్లోనే మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

గడ్డికీ నేలకీ మధ్య పేరుకునే చచ్చిన కాడల పొరని థాచ్ అంటారు. అది 12 మిల్లీమీటర్లు దాటితే నీళ్లని స్పాంజిలా పైనే పట్టుకుంటుంది, వేళ్లు కూడా అందులోనే ఉండిపోతాయి. అప్పుడు కోర్ ఏరేషన్ చేయాలి, అంటే 7 నుంచి 10 సెంటీమీటర్ల లోతు మట్టి కడ్డీల్ని పైకి తీసేయాలి. గడ్డి జోరుగా పెరిగే కాలంలోనే చేయండి, లేకపోతే రంధ్రాలు పూడవు.

ఇసుక పడక మీద పరిచిన లాన్‌ల విషయంలో ఒక జాగ్రత్త. గోల్ఫ్ గ్రీన్‌లకి అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1960లో ఇచ్చిన పద్ధతిలో 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం కింద 10 సెంటీమీటర్ల కంకర ఉంటుంది. కంకర వేసింది నీళ్లు త్వరగా పోవడానికే అనుకుంటారు కానీ సన్న రేణువుల కింద పెద్ద ఖాళీలున్న పొర ఉంటే, పై పొర నిండేదాకా నీళ్లు కిందికి దిగవు. అలా వేరు కింద కొంత తేమ నిలవ ఉంటుంది, మిగిలింది పోతుంది. ఇదే సూత్రం ఒక్కోసారి దెబ్బ కూడా తీస్తుంది. ఇసుక మీద బంకమట్టి అంటుకుని ఉన్న గడ్డి పలకలు పరిస్తే నీళ్లు ఆ పలుచటి మట్టిలోనే నిలిచిపోతాయి, వేరు కిందికి దిగదు. ఇసుక మీద పరిచేటప్పుడు పలకల మట్టి కడిగి పరవడం మేలు.

ఇక నీళ్ల సంగతి: పరీక్ష చేయించండి

బోరు నీళ్లైనా, చెరువు నీళ్లైనా, శుద్ధి చేసిన మురుగు నీళ్లైనా ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించాలి. నీళ్లు తగ్గే వేసవిలో ఇంకోసారి చేయిస్తే మంచిది, ఉప్పు అప్పుడే ఎక్కువ ఉంటుంది. పంపు 15 నిమిషాలు నడిచాక, అర లీటరు ప్లాస్టిక్ సీసాని అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, గాలి లేకుండా అంచు దాకా నింపి మూత పెట్టండి. చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కి చేర్చండి. పీహెచ్, ఈసీ, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, కార్బొనేట్, బైకార్బొనేట్, క్లోరైడ్, బోరాన్ అన్నీ కావాలని అడగండి. తాగే నీళ్ల పరీక్ష రిపోర్టు ఇక్కడ చాలదు, అందులో పీహెచ్, కాఠిన్యం ఉంటాయి కానీ మనకి కావాల్సిన సోడియం, బైకార్బొనేట్ చాలాసార్లు ఉండవు.

పీహెచ్ చూసి బెంగ పడేవాళ్లు ఎక్కువ. నిజానికి అది ఒక్కటే చెప్పేది తక్కువ. ముందు చూడాల్సింది ఈసీ, అంటే మొత్తం ఉప్పు. మీటరుకి 0.7 డెసీసీమెన్స్ కన్నా తక్కువైతే ఉప్పు ఇబ్బంది లేదు, 0.7 నుంచి 3 మధ్య జాగ్రత్తగా వాడాలి, 3 దాటితే తట్టుకునే గడ్డి, బాగా ఇంకే నేల రెండూ ఉంటేనే. ఇవి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 1985 మార్గదర్శకాల్లోని హద్దులు. ఈసీని 640తో గుణిస్తే సుమారుగా లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పు ఉందో వస్తుంది. ఈసీ 1.4 అయితే దాదాపు 900.

ఆ 900ని నేల మీదికి తెచ్చి చూడండి. 100 చదరపు మీటర్లకి 11 మిల్లీమీటర్ల తడి అంటే 1,100 లీటర్లు. అంటే ఒక్కో తడితో దాదాపు ఒక కిలో ఉప్పు. నెలకి పది తడులైతే పది కిలోలు. గడ్డి నీళ్లని తాగేస్తుంది, ఉప్పులో చాలా భాగాన్ని నేలలోనే వదిలేస్తుంది. పరిచిన గడ్డి మీద ఎవరైనా పది కిలోల ఉప్పు చల్లుతుంటే మనం ఊరుకోం, కానీ పైపులోంచి వస్తే కనిపించదు.

రెండోది సోడియం. కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం ఎంత ఎక్కువుందో చెప్పే ఎస్‌ఏఆర్ అనే అంకె ల్యాబ్ ఇస్తుంది, ఇవ్వకపోతే మీరే కట్టుకోవచ్చు. సోడియం మిల్లీగ్రాముల్ని 23తో, కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12.2తో, బైకార్బొనేట్‌ని 61తో భాగిస్తే మిల్లీ ఈక్వివలెంట్లు వస్తాయి. సోడియం 230, కాల్షియం 40, మెగ్నీషియం 24.4, బైకార్బొనేట్ 366 ఉన్న నీళ్లు తీసుకుందాం. వరసగా 10, 2, 2, 6 వస్తాయి. కాల్షియం, మెగ్నీషియం కలిపి సగం చేస్తే 2, దాని వర్గమూలం 1.41. సోడియం 10ని 1.41తో భాగిస్తే ఎస్‌ఏఆర్ 7.

ఎస్‌ఏఆర్‌ని ఒంటరిగా చదవకూడదు, ఈసీ పక్కన పెట్టి చదవాలి. ఎస్‌ఏఆర్ 6 నుంచి 12 మధ్య ఉన్నప్పుడు ఈసీ 1.9 పైన ఉంటే నేల ఇంకే గుణానికి దెబ్బ లేదు, 0.5 కింద ఉంటే తీవ్రమైన దెబ్బ. మన ఉదాహరణలో ఎస్‌ఏఆర్ 7, ఈసీ 1.4, కాబట్టి మధ్యస్థంగా ఇబ్బంది. ఉప్పు తక్కువున్న నీళ్లతో సోడియం ఎక్కువ హాని చేస్తుందా అని ఆశ్చర్యపోవద్దు. నీళ్లలో ఉప్పు ఉన్నంతసేపు బంకమట్టి రేణువులు గుంపుగా ఉంటాయి. పలుచటి నీళ్లు రాగానే సోడియం పట్టిన రేణువులు విడిపోయి, నేల రంధ్రాల్ని పూడ్చేస్తాయి. వేసవంతా బోరు నీళ్లు బాగానే ఇంకిన లాన్‌లో మొదటి పెద్ద వాన తర్వాత రోజుల తరబడి నీళ్లు నిలబడటానికి కారణం ఇదే. వాన నీళ్లంత పలుచటివి, ఈసీ 0.2 కన్నా తక్కువున్నవి, ఎస్‌ఏఆర్ ఎంతున్నా ఇంకుడికి ఇబ్బందే తెస్తాయి.

మూడోది ఆర్‌ఎస్‌సీ, అంటే కాల్షియం, మెగ్నీషియం పోగా మిగిలే కార్బొనేట్. కార్బొనేట్, బైకార్బొనేట్ మొత్తంలోంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసేయాలి. మనకి 6లోంచి 4 పోతే 2. 1.25 కన్నా తక్కువైతే నిశ్చింత, 2.5 దాటితే ప్రమాదం, మనం మధ్యలో ఉన్నాం. ఇది ఎక్కువుంటే నేలలోని కాల్షియం సున్నంగా మారి పనికిరాకుండా పోతుంది, సోడియానికి దారి వదిలినట్టవుతుంది.

మిగతావి క్లుప్తంగా: బోరాన్ ఆకు కొసల్లో చేరుతుంది, కోసేటప్పుడు పోతుంది కాబట్టి గడ్డి తోట మొక్కలకన్నా బాగా తట్టుకుంటుంది, అయితే కోసిన గడ్డిని ఎత్తేయాలి. ఇనుము లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితే గోడలకి, దారులకి తుప్పు మరకలు. చెరువు నీళ్లలో సన్నటి ఒండ్రు ఉంటే ఫిల్టర్ లేకుండా ఇసుక లాన్ మీద వాడొద్దు. శుద్ధి చేసిన నీళ్లలో నత్రజని లీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటే, ఏడాదికి 500 మిల్లీమీటర్లు పెట్టేసరికి చదరపు మీటరుకి 5 గ్రాముల నత్రజని చేరినట్టే, ఎరువులోంచి అంత తగ్గించుకోవాలి.

ఉప్పుని వేరు కిందికి దించడం

ఉప్పు నీళ్లకి అన్నిటికన్నా చెడ్డ అలవాటు రోజూ కొంచెం కొంచెం తడపడం. నీళ్లు పైనే ఆవిరవుతాయి, ఉప్పు పైనే మిగులుతుంది. అప్పుడప్పుడు అవసరానికి మించి పెట్టి ఉప్పుని కిందికి తొయ్యాలి. ఎంత అదనం కావాలో ఒక సూత్రం ఉంది. గడ్డి తట్టుకోగల నేల ఈసీని 5తో గుణించి, అందులోంచి నీళ్ల ఈసీ తీసేసి, వచ్చిన దానితో నీళ్ల ఈసీని భాగించాలి. బ్లూగ్రాస్ లాంటి సున్నితమైన గడ్డికి నేల ఈసీ 3 మించకూడదు. 15లోంచి 1.4 తీసేస్తే 13.6, 1.4ని దానితో భాగిస్తే 10 శాతం. కాబట్టి 11కి బదులు 12.2 మిల్లీమీటర్లు. రై గడ్డి, టాల్ ఫెస్క్యూ, జోయ్‌సియా 6 నుంచి 10 వరకు ఓర్చుకుంటాయి. గరిక, సెయింట్ అగస్టీన్, సీషోర్ పాస్పాలమ్ 10 పైన కూడా నిలబడతాయి. నీళ్లు మార్చలేని చోట గడ్డి మార్చడమే అన్నిటికన్నా తక్కువ శ్రమ అని నా అభిప్రాయం.

ఇప్పటికే పేరుకుపోయి ఉంటే పెద్ద కడుగుడు కావాలి. 30 సెంటీమీటర్ల నేలలోంచి సగం ఉప్పు పోవాలంటే సుమారు 15 సెంటీమీటర్ల నీళ్లు, 80 శాతం పోవాలంటే 30 సెంటీమీటర్లు దిగాలి. చిన్న విడతలుగా, రెండు మూడు రోజుల మీద చేయండి. కింద నీళ్లు పోయే దారి లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు, ముంపు మాత్రమే మిగులుతుంది.

కడగడానికి ముందు ఇది తెల్ల చౌడా, కారు చౌడా అన్నది తేల్చుకోండి. 1954 నాటి అమెరికా లవణీయత ప్రయోగశాల విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. నేల ఈసీ 4 దాటితే తెల్ల చౌడు, నీళ్లతో కడిగితే పోతుంది. నేల రేణువుల మీద సోడియం వాటా 15 శాతం దాటి, పీహెచ్ 8.5 పైన ఉంటే కారు చౌడు. దాన్ని వట్టి నీళ్లతో కడిగితే ఇంకా బిగుసుకుంటుంది, ముందు జిప్సం కావాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, ఆ తర్వాత నీళ్లు దాన్ని కిందికి తీసుకెళ్తాయి. పెరుగుతున్న గడ్డి మీద ఒక విడతకి 100 చదరపు మీటర్లకి 20 కిలోలు చల్లండి, రంధ్రాలు చేశాక చల్లితే ఇంకా మంచిది. ఒక లీటరు నీళ్లలో కరిగే జిప్సం దాదాపు 2.5 గ్రాములే, కాబట్టి ఆ 20 కిలోలూ కరగడానికి 80 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. వారంలో ఫలితం రాలేదని మళ్లీ చల్లొద్దు. వానలకి ముందు చల్లిన జిప్సం వానకి నేల మూసుకుపోకుండా కూడా కాపాడుతుంది.

బైకార్బొనేట్ బాగా ఎక్కువుంటే నీళ్లలోకి ఆమ్లం ఎక్కించే పద్ధతి ఉంది. అది తెలిసినవాళ్ల చేతనే, సరైన పరికరంతోనే చేయించండి. ఎప్పుడూ నీళ్లలోనే ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. మంచి నీళ్లు కొద్దిగా దొరికితే కలపడం సులువు. ఈసీ 2 ఉన్న నీళ్లకి 0.4 ఉన్న నీళ్లు సమానంగా కలిపితే 1.2 వస్తుంది.

సెన్సర్లు, కొలతలు

మట్టిలో గుచ్చి విద్యుత్ తరంగంతో కొలిచే టీడీఆర్ మీటర్లు నేలలో నీటి శాతాన్ని అప్పటికప్పుడే చూపిస్తాయి, ఉపయోగమే. కానీ ఎవరో చెప్పిన అంకెని మీ లాన్‌కి పెట్టొద్దు. బాగా తడిపిన మర్నాడు ఒకసారి, గడ్డి మీద అడుగులు పడి ఉండిపోయే రోజున ఒకసారి, ఒకే చోట, ఒకే లోతున కొలవండి. ఆ రెండు అంకెల మధ్యలో మీ తడి సమయం ఉంటుంది. ఇసుకలో కింది అంకె 10 దగ్గర ఉంటే బంకమట్టిలో అదే 20 దాటొచ్చు. చాలా సెన్సర్లు ఉప్పు నేలలో ఉన్నదానికన్నా ఎక్కువ తడి చూపిస్తాయి, కాబట్టి అలాంటి చోట స్క్రూడ్రైవర్ ఇంకా పక్కనే ఉంచుకోండి.

ఉప్పు నీళ్లు వాడేవాళ్లు ఏడాదికి రెండుసార్లు, వేసవి మధ్యలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి, నేల ఈసీని రెండు లోతుల్లో విడివిడిగా తీయించండి. పైన 5 సెంటీమీటర్ల మట్టి ఒక సంచిలో, 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య మట్టి ఇంకో సంచిలో. పై అంకె ఎక్కువుంటే ఉప్పు పైకి వస్తోంది, తడులు చిన్నవైపోయాయి, వాటిని పెంచి ఎడం పెంచండి. కింది అంకె ఎక్కువుంటే నీళ్లు అక్కడిదాకా దిగి ఆగిపోతున్నాయి, ఇంకా నీళ్లు పోయకుండా ఆ లోతున తవ్వి ఏ పొర అడ్డుపడుతోందో చూడండి. రెండూ తక్కువుండి దగ్గర దగ్గరగా ఉంటే టైమర్‌ని అలాగే వదిలేయండి.